ఐదో బీట్ దాకా నిలవని స్వరం: జాజ్ స్టాండర్డ్ మెలడీ నేర్చుకోవడంపై ఒక కేస్ స్టడీ

జాజ్ స్టాండర్డ్‌ల (జాజ్ వాద్యకారులంతా తరచుగా వాయించే ప్రసిద్ధ పాటల) మెలడీని గిటార్ మీద నేర్చుకునేవారిలో నాకు తరచుగా ఒక లోపం కనిపిస్తుంది. చూడటానికి అది వేళ్ల లోపంలాగే ఉంటుంది గానీ, దాని మూలం వేళ్లలో ఉండదు. ఆ సంగతిని మెట్టు మెట్టుగా తేల్చి చూపిన ఒక కేసును ఇక్కడ నమోదు చేస్తున్నాను. అభ్యాసకుడిని గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలన్నీ వదిలేశాను. సంగీతపరమైన వివరాలను మాత్రం ఏ ఫ్రెట్ మీద ఏ వేలు అన్నంత దాకా ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. ఈ కేసులో నేర్చుకోదగినదంతా వాటిలోనే ఉంది.

నేపథ్యం

అభ్యాసకుడు ఉద్యోగం చేసుకుంటూ చాలా ఏళ్లుగా గిటార్ వాయిస్తున్న వ్యక్తి. పాటలకు కార్డ్‌లు పట్టి స్ట్రమ్మింగ్ చేయడంలో ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. మేజర్ స్కేల్‌ను ఫ్రెట్‌బోర్డ్ మీద ఐదు పొజిషన్లలోనూ తడుముకోకుండా వాయించగలరు. నొటేషన్ నెమ్మదిగా చదువుతారు. జాజ్ వైపు వచ్చాక మొదటి స్టాండర్డ్‌గా ‘ఆటమ్ లీవ్స్’ ఎంచుకుని, దాని మెలడీని ఒక వీడియో చూసి, టాబ్ (ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో అంకెలతో చూపే రాత) సాయంతో తానే నేర్చుకున్నారు.

ఆ ఎంపిక మంచిదే. 1945లో జోసెఫ్ కోస్మా కూర్చిన ఈ బాణీ 32 బార్ల (ఒక్కో బార్‌కు నాలుగు బీట్లు) నిర్మాణంలో ఉంటుంది. మొదటి ఎనిమిది బార్లలో ఒకే ఆలోచన నాలుగుసార్లు, ప్రతిసారీ ఒక మెట్టు కిందకు దిగుతూ వస్తుంది. ఇ మైనర్‌లో చూస్తే మూడు స్వరాల ఎత్తుగడ, ఆ వెంటనే ఒక దీర్ఘస్వరం: ఇ, ఎఫ్ షార్ప్, జి ఎక్కి సి మీద నిలుస్తుంది, డి, ఇ, ఎఫ్ షార్ప్ ఎక్కి బి మీద, సి, డి, ఇ ఎక్కి ‘ఏ’ మీద, బి, సి షార్ప్, డి షార్ప్ ఎక్కి చివరికి జి మీద. ప్రతి దీర్ఘస్వరం తన బార్‌లోని నాలుగు బీట్లతో పాటు తర్వాతి బార్ మొదటి బీట్‌ను కూడా కలుపుకుని ఐదు బీట్లు ఉంటుంది. బి మాత్రం రెండుసార్లు పలుకుతుంది, అయినా మొత్తం నిడివి అంతే. తర్వాతి ఎత్తుగడ రెండో బీట్ నుంచి మొదలవుతుంది. ఈ ఐదో బీట్ చుట్టూనే కేసంతా తిరుగుతుంది.

వచ్చిన సమస్య

ఆయన తన ఇబ్బందిని తన మాటల్లో ఇలా చెప్పారు: “స్వరాలన్నీ సరిగ్గానే పడుతున్నాయి సార్, కానీ పాటలా వినిపించడం లేదు. ఎవరితోనైనా కలిసి వాయిస్తే మధ్యలో ఎక్కడున్నానో తెలియకుండా పోతోంది. వేళ్లకు ఇంకా పని పెట్టాలేమో.”

తోడు ఏమీ లేకుండా ఒంటరిగా వాయించమని అడిగి, నేను పక్కన కాలితో తాళం వేస్తూ లీడ్ షీట్ (మెలడీ, కార్డ్‌ల పేర్లు మాత్రమే ఉన్న కాగితం) మీద గుర్తులు పెట్టుకున్నాను. స్వరస్థానాల్లో తప్పు లేదు. ఎత్తుగడలోని మూడు స్వరాలు కూడా సమంగానే వస్తున్నాయి. అయితే దీర్ఘస్వరం దగ్గరకు వచ్చేసరికి నాలుగు బీట్లు పూర్తవుతూండగానే, ఒక్కోసారి అంతకు ముందే, తర్వాతి ఎత్తుగడ మొదలైపోతోంది. ఒక్కో దీర్ఘస్వరానికి ఒక్కో బీట్ చొప్పున పోతే నాలుగింటికి నాలుగు బీట్లు, అంటే ఎనిమిది బార్ల భాగం ఏడు బార్లకు కుదించుకుపోతుంది. బేస్ వాయించే మనిషి ఎనిమిదో బార్‌లో ఉండగా మెలడీ రెండో భాగంలోకి వెళ్లిపోతే దారి తప్పినట్టు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. పాటలా వినిపించకపోవడానికి కూడా అదే కారణమని నాకు అప్పుడే అనిపించింది. ఏ వాక్యమూ ముగియకముందే తర్వాతి వాక్యం అందుకుంటే వినేవాడికి అర్థం అందదు.

లోపం ఎక్కడుందో తెలిసింది గానీ, ఎందుకుందో తెలియలేదు. మూడు కారణాలకు అవకాశం ఉంది. ఆయన లెక్క తప్పుతూ ఉండవచ్చు. చెయ్యి జరపాల్సిన దూరం వల్ల ముందుగా బయలుదేరుతూ ఉండవచ్చు. లేదా ఆ ఐదో బీట్‌లో ఏముందో ఆయనకు వినిపించకపోవచ్చు. మొదటి రెండూ సులువుగా పరీక్షించి చూడదగినవి, సరిచేయడానికీ తేలికైనవి. అందుకే అక్కడి నుంచి మొదలుపెట్టాను.

ప్రయత్నించినవి, ఫలించనివి

ముందుగా మెట్రోనోమ్. ఆయన నిమిషానికి 120 బీట్ల వేగంలో వాయిస్తున్నారు, దాన్ని 60కి తగ్గించాం. నెమ్మదిగా వాయిస్తే లెక్కపెట్టుకునే వెసులుబాటు దొరుకుతుందన్నది ఇక్కడి ఆలోచన. వేళ్ల పని కష్టమైన చోట ఈ పద్ధతి నిజంగానే ఉపయోగపడుతుంది, కానీ ఇక్కడ పరిస్థితి మరింత దిగజారింది. కారణం గిటార్ స్వభావంలోనే ఉంది. 120 వేగంలో ఐదు బీట్లంటే రెండున్నర సెకన్లు, 60 వేగంలో ఐదు సెకన్లు. ఆయన వాయించేది ఆర్చ్‌టాప్ గిటార్, మీటిన స్వరం త్వరగా సన్నగిల్లే రకం. అందులోనూ ఆయన మెలడీని పై ఆక్టేవ్‌లో, సన్నని మొదటి తీగ మీద వాయిస్తున్నారు. మూడో సెకను దాటేసరికి స్వరం దాదాపు ఇంకిపోతోంది. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక ఆయన అదే స్వరాన్ని మళ్లీ మీటడమో, మధ్యలో ఏదో ఒక స్వరం చేర్చడమో చేస్తున్నారు. లోపం పోకుండా వేరే రూపంలో బయటపడింది. మెట్రోనోమ్‌ను రెండు, నాలుగు బీట్ల మీదకు మార్చినప్పుడు ఎత్తుగడల నడకలో స్వింగ్ మెరుగుపడింది. దీర్ఘస్వరం మాత్రం ఎప్పటిలాగే తెగిపోయింది.

తర్వాత ఎడమచేతి మీద దృష్టి పెట్టాను. ఆయన నేర్చుకున్న టాబ్‌లో మొదటి ఎత్తుగడ రెండో తీగ మీద 5, 7, 8 ఫ్రెట్లలో సాగి, మొదటి తీగ ఎనిమిదో ఫ్రెట్‌లోని సి మీద ఆగుతుంది. తర్వాతి ఎత్తుగడకు చెయ్యి రెండో తీగ మూడో ఫ్రెట్‌కు దిగాలి. దాని తర్వాత ఏడో ఫ్రెట్‌లోని బి నుంచి రెండో తీగ ఒకటో ఫ్రెట్‌కు దూకాలి. ఇంత దూరం ప్రయాణించాల్సిన చెయ్యి ముందే బయలుదేరడం సహజం. దగ్గరగా గమనించినప్పుడు నాలుగో బీట్ దగ్గర చిటికెన వేలి ఒత్తిడి సడలడం, బొటనవేలు మెడ వెనక జారడం మొదలవడం స్పష్టంగా కనిపించాయి. కాబట్టి ఈ అనుమానానికి బలమైన ఆధారమే ఉంది.

దాన్ని తేల్చుకోవడానికి మెలడీ మొత్తాన్ని ఐదో పొజిషన్‌లోకి (చూపుడు వేలు ఐదో ఫ్రెట్ దగ్గర ఉండే స్థానంలోకి) మార్చాం. డి స్వరాన్ని మూడో తీగ ఏడో ఫ్రెట్‌లో, సి స్వరాన్ని అదే తీగ ఐదో ఫ్రెట్‌లో తీసుకుంటే చెయ్యి దాదాపు కదలకుండానే నాలుగు పదబంధాలూ పూర్తవుతాయి. ఒకే స్వరం నాలుగైదు చోట్ల దొరకడం గిటార్‌లో చిక్కూ, సౌకర్యమూ రెండూ. ఇక్కడ ఆ సౌకర్యాన్ని వాడుకున్నాం. కొత్త ఫింగరింగ్ ఆయనకు త్వరగానే అలవడింది. చెయ్యి దూకాల్సిన అవసరం పూర్తిగా పోయింది. అయినా ఐదో బీట్ రాకముందే తర్వాతి ఎత్తుగడ మొదలవుతూనే ఉంది. ప్రయాణమే కారణమైతే అది లేనప్పుడు లోపం కూడా పోవాలి కదా. ఈ ఫలితంతో రెండో అనుమానం తీరిపోయింది. చేతి సడలింపు లోపానికి కారణం కాదు, ఆయన మనసు అప్పటికే తర్వాతి పదబంధంలోకి వెళ్లిపోయిందనడానికి గుర్తు మాత్రమే.

ఆయన ఇంట్లో సొంతంగా బ్యాకింగ్ ట్రాక్‌తో (తోడు వాద్యాల రికార్డింగుతో) సాధన చేసి, సమస్య తీరిందన్న నమ్మకంతో వచ్చారు. ట్రాక్‌తో వాయించినప్పుడు నిజంగానే సరిగ్గా ఉంది. ట్రాక్ ఆపేసి వాయించమంటే భాగం మళ్లీ కుదించుకుపోయింది. ట్రాక్‌లో కార్డ్ మారిన శబ్దం విని దానికి స్పందిస్తున్నారే తప్ప, ఆ మార్పు ఆయన లోపల జరగడం లేదు. అందుకే మెలడీని పరీక్షించేటప్పుడు నేను ట్రాక్ వాడను. అది లోపాన్ని సరిదిద్దదు, కప్పిపెడుతుంది.

నిర్ణయాన్ని మార్చిన పరీక్ష

గిటార్ పక్కన పెట్టి, మెలడీని నోటితో కూనిరాగంగా పాడమన్నాను. గొంతుకు ఫ్రెట్లు లేవు, చెయ్యి జరపడం లేదు, స్వరం సన్నగిల్లడం లేదు. ఊపిరి ఉన్నంతసేపు నిలుస్తుంది. గిటార్ వల్ల వచ్చే ఇబ్బందే అయితే కూనిరాగంలో నిడివి సరిగ్గా ఉండాలి. ఉండలేదు. పాడినప్పుడు కూడా సి స్వరం నాలుగు బీట్లకే తెగింది. లోపం చేతిలోనూ లేదు, వాయిద్యంలోనూ లేదు, ఆయన గుర్తుంచుకున్న మెలడీలోనే ఉంది.

టాబ్‌లో సాధారణంగా తీగ, ఫ్రెట్ ఉంటాయి, నిడివి ఉండదు. వీడియో చూసి నేర్చుకునేవాడి దృష్టి సహజంగా కదిలే వేళ్ల మీద ఉంటుంది గానీ ఆగిన వేలి మీద ఉండదు. అలా నేర్చుకున్న మెలడీలో ఎత్తుగడలు మాత్రమే విషయం, దీర్ఘస్వరాలు వాటి మధ్య ఖాళీలు. టాబ్‌తో మెలడీ నేర్పే పద్ధతిపై నా ప్రధాన అభ్యంతరం ఇదే. స్టాండర్డ్‌లలో ఎక్కువ భాగం పాడటానికి పుట్టిన పాటలు. వాటి బరువంతా నిలిచే స్వరాల మీదే ఉంటుంది.

ఫలించినవి

ఎత్తుగడలన్నీ తీసేశాం. నాలుగు దీర్ఘస్వరాలే మిగిలాయి: సి, బి, ఏ, జి. వాటిని ఆయన పాడుతూండగా నేను కింద కార్డ్‌ల మూలస్వరాలు (కార్డ్‌కు పేరిచ్చే స్వరాలు) మాత్రమే వాయించాను. మొదటి దీర్ఘస్వరం సి కింద ఏ మైనర్ సెవెన్ ఉంటుంది, ఆ కార్డ్‌కు సి థర్డ్ (మూలస్వరం నుంచి లెక్కిస్తే మూడోది) అవుతుంది. ఐదో బీట్‌లో కింద కార్డ్ డి సెవెన్‌కు మారుతుంది. పైన స్వరం కదలలేదు, కానీ అదే సి ఇప్పుడు సెవెన్త్ (కొత్త మూలస్వరం నుంచి ఏడోది). బి కూడా అంతే: జి మేజర్ సెవెన్‌కు థర్డ్‌గా మొదలై, సి మేజర్ సెవెన్ వచ్చేసరికి దాని సెవెన్త్ అవుతుంది. ‘ఏ’ అనే స్వరం ఎఫ్ షార్ప్ మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్‌కు థర్డ్, బి సెవెన్‌కు సెవెన్త్. ఈ పాటలోని లాగుడు, వేదన చాలావరకు ఆ మలుపులోనే ఉన్నాయి. ఐదో బీట్ నిరీక్షణ కాదు, స్వరం అర్థం మార్చుకునే క్షణం. ఆయన నాలుగో బీట్‌కే వెళ్లిపోవడం వల్ల ఆ క్షణాన్ని ఒక్కసారి కూడా వినలేదు.

వినిపించినంత మాత్రాన చేతికి రాదు కాబట్టి, అదే విషయాన్ని చేతికీ చూపించాలనుకున్నాను. మెలడీని ఒక ఆక్టేవ్ కిందకు దించాం. నాలుగు దీర్ఘస్వరాలూ మూడో తీగ మీదే 5, 4, 2 ఫ్రెట్లలోనూ, చివరిది ఓపెన్ తీగలోనూ దొరుకుతాయి. దీనికి రెండు కారణాలు: ఆ తీగ లావు కాబట్టి నాదం ఎక్కువసేపు నిలుస్తుంది, దాని కింద కార్డ్ పట్టుకోవడానికి చోటు ఉంటుంది. దీర్ఘస్వరమే కార్డ్‌లో థర్డ్ కాబట్టి, దానికి మూలస్వరం, సెవెన్త్ చేరిస్తే చాలు.

ఏ మైనర్ సెవెన్‌కు ఆరో తీగ ఐదో ఫ్రెట్‌లో నడిమి వేలు, నాలుగో తీగ ఐదో ఫ్రెట్‌లో ఉంగరపు వేలు, మూడో తీగ ఐదో ఫ్రెట్‌లో చిటికెన వేలు. ఐదో బీట్ వచ్చినప్పుడు నడిమి వేలు పక్కనున్న ఐదో తీగ మీదకు, అదే ఐదో ఫ్రెట్‌లోకి వెళుతుంది. ఉంగరపు వేలు లేచి, నాలుగో తీగ నాలుగో ఫ్రెట్‌లో చూపుడు వేలు పడుతుంది. అది డి సెవెన్. చిటికెన వేలు మాత్రం తన చోటు నుంచి కదలకూడదు. మీటడం కూడా మెలడీ తీగను తాకకుండా ఐదో, నాలుగో తీగలకే పరిమితం కావాలి. అప్పుడు పైన నిలిచి ఉన్న పాత సి మీదే కొత్త కార్డ్ తెరుచుకుంటుంది. నాలుగో తీగ మీద జి నుంచి ఎఫ్ షార్ప్‌కు ఒక్క ఫ్రెట్ దిగుతూ లోపలి స్వరం జారడం ఆయనకు మొదటిసారి స్పష్టంగా వినిపించింది. అప్పుడు ఆయన అన్నది: “ఇన్నాళ్లూ ఇక్కడేమీ లేదనుకున్నాను సార్.” తర్వాతి రెండు జతలు కూడా ఇదే వరుసలో వస్తాయి: బి కింద మూడో ఫ్రెట్ మూలస్వరాలు, ‘ఏ’ కింద రెండో ఫ్రెట్ మూలస్వరాలు. ప్రతిసారీ పై వేలు స్థిరం, కింద మార్పు.

ఈ అస్థిపంజరం నిలకడగా వచ్చేదాకా ఎత్తుగడలు చేర్చనివ్వలేదు. ఇక్కడ ఓపిక పట్టడం కష్టం. మెలడీ తెలిసిన మనిషికి దాన్ని వాయించకుండా ఉండటం శిక్షలా అనిపిస్తుంది. కానీ పాత అలవాటు ఎత్తుగడలోనే ఉంది కాబట్టి, దాన్ని త్వరగా తిరిగి తెస్తే అలవాటు కూడా వెంట వస్తుంది. తర్వాత ఒక్కో ఎత్తుగడనూ చేర్చాం. ఇంకో విశేషం అప్పుడు ఆయనే పట్టుకున్నారు: డి సెవెన్ బార్‌లోని ఎత్తుగడ డితోనే మొదలై ఎఫ్ షార్ప్ దాకా, అంటే ఆ కార్డ్ మూలస్వరం నుంచి థర్డ్ దాకా ఎక్కుతుంది. సి మేజర్ సెవెన్, బి సెవెన్ బార్లలోనూ అదే పద్ధతి. కార్డ్ మారిందని వినబడితేనే ఎత్తుగడ మొదటి స్వరానికి ఆధారం దొరుకుతుంది. దాంతో తొందరపడటానికి కారణమే లేకుండా పోయింది. లెక్కపెట్టుకోవడం ఆయన మానేశారు, అయినా ఒంటరిగా వాయించినా ఎనిమిది బార్లు ఎనిమిది బార్లుగానే నిలిచాయి.

వినే పనిని రెండు రికార్డింగులకే పరిమితం చేశాను. నాట్ కింగ్ కోల్ పాడినదాంట్లో దీర్ఘస్వరం ఎక్కడ ముగుస్తుందో, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో మాత్రమే గమనించమన్నాను. 1958లో కానన్‌బాల్ ఆడర్లీ పేరున వచ్చిన రికార్డింగులో మైల్స్ డేవిస్ మ్యూట్ పెట్టిన ట్రంపెట్ మీద ఈ మెలడీని వినిపిస్తారు. అందులో స్వరాల మధ్య వదిలిన చోటును వినమన్నాను. ఆ రికార్డింగు జి మైనర్‌లో ఉంది, అది మాకు పరీక్షగా పనికొచ్చింది. కాగితం చూడకుండా జి మైనర్‌లో వాయించమంటే ఆయన పట్టులన్నీ మూడు ఫ్రెట్లు పైకి జరిపి, ఓపెన్ తీగల మీద ఉన్న చివరి కార్డ్‌కు మాత్రం మూడో ఫ్రెట్‌లో కొత్త పట్టు వెతుక్కుని పూర్తి చేశారు. ఫ్రెట్ సంఖ్యలుగా గుర్తుంచుకున్న మెలడీ అయితే ఇది ఇంత తేలిగ్గా జరిగేది కాదు.

గమనించినవి, పరిమితులు

ఈ కేసు తర్వాత నేను పరీక్షల వరుస మార్చుకున్నాను. మెలడీ గురించి ఎవరు ఏ ఫిర్యాదుతో వచ్చినా, ఫింగరింగ్ చూడకముందే గిటార్ లేకుండా పాడించి, నిలిచే స్వరాల నిడివి కొలుస్తున్నాను. పాడినప్పుడు సరిగ్గా ఉండి గిటార్‌లో తప్పితే చేతి సంగతి చూడాలి. రెండింటిలోనూ తప్పితే చేతిని ఎంత సరిదిద్దినా ప్రయోజనం ఉండదు. శ్రుతి శుద్ధంగా పాడటం ఇక్కడ అవసరం లేదు. నిడివి తెలిస్తే చాలు కాబట్టి, గొంతు బాగోలేదని వెనకాడేవారికి ఆ మాట ముందే చెప్పాలి.

పద్ధతి ఈ ఒక్క పాటకే అతుక్కుపోయిందా అన్నది చూడటానికి జెరోమ్ కెర్న్ 1939లో కూర్చిన ‘ఆల్ ద థింగ్స్ యూ ఆర్’ ఇచ్చాను. దాని మొదటి ఐదు బార్లలో బలమైన బీట్ మీద పడే స్వరాలన్నీ కింది కార్డ్‌లకు థర్డ్‌లే: ఎఫ్ మైనర్ సెవెన్ మీద ఏ ఫ్లాట్, బి ఫ్లాట్ మైనర్ సెవెన్ మీద డి ఫ్లాట్, ఇ ఫ్లాట్ సెవెన్ మీద జి, ఏ ఫ్లాట్ మేజర్ సెవెన్ మీద సి, డి ఫ్లాట్ మేజర్ సెవెన్ మీద ఎఫ్. ఆ సంగతి నేను చెప్పలేదు. అస్థిపంజరాన్ని ముందు పాడి, కింద మూలస్వరాలు వాయించుకుంటూ ఆయనే కనిపెట్టారు. పాట 36 బార్లది కావడంతో చివరి భాగంలో నాలుగు బార్లు అదనంగా వస్తాయి, అక్కడా దారి తప్పలేదు.

అయితే అన్ని మెలడీలకూ ఈ దారి పనికిరాదు. బీబాప్ (వేగంగా సాగే జాజ్ శైలి) కాలంలో పుట్టిన బాణీలు చాలావరకు ఎయిత్ నోట్ల (అర బీట్ స్వరాల) వరుసలుగా పరుగెత్తుతాయి. వాటిలో తీసి పక్కన పెట్టడానికి దీర్ఘస్వరాలు తక్కువ, చేతి పని నిజంగానే ఎక్కువ. అక్కడ నెమ్మదిగా మెట్రోనోమ్‌తో సాధన చేయడం, ఒకే పొజిషన్‌లో ఫింగరింగ్ కుదుర్చుకోవడం సరైన మొదటి అడుగులు. ఇక్కడ ఫలించనివే అక్కడ ఫలిస్తాయి.

ఈ అభ్యాసకుడి విషయంలో ఇంకా మిగిలిన పని బ్యాలడ్ వేగం, అంటే బాగా నెమ్మదిగా సాగే పాటల వేగం. నిమిషానికి 60 బీట్ల దగ్గర స్వరం ఇంకిపోయే సమస్య ఎలా విన్నా తీరదు, అది వాయిద్యపు హద్దు. దానికి ప్రస్తుతం ఒక ఏర్పాటు ప్రయత్నిస్తున్నాం. దీర్ఘస్వరాన్ని కొంచెం బలంగా మీటి, మూడో బీట్ నుంచి సన్నని వైబ్రాటో ఇచ్చి, నాలుగో తీగ మీది లోపలి స్వరాన్ని ఐదో బీట్‌లో ఒంటరిగా మీటుతున్నాం. పై స్వరం చాలావరకు ఇంకిపోయినా, కింద జి నుంచి ఎఫ్ షార్ప్‌కు దిగడం వినబడినంతవరకు చెవి సి ఇంకా ఉందనే అనుకుంటుంది. మధ్యస్థ వేగంలో ఇది బాగా కుదిరింది. బ్యాలడ్‌లో ఇప్పటికి మొదటి భాగం వరకే నమ్మకంగా వస్తోంది.